కాయిళ్లకు పెట్టిన బొట్లు

దసరా సెలవులకు ముందు ల్యాబుల్లో ఆయుధపూజ చేయడం మా విజయనగరం కాలేజీలో రివాజు. లేత్ మిషన్‌కు పసుపు రాసినా, నిమ్మకాయ కట్టినా దానికి పోయేదేమీ లేదు. మా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో నా సర్క్యూట్ బోర్డుకు మాత్రం పోయింది. దాంతోపాటు నాకూ పోయింది.

అప్పుడు నేనక్కడ ఒక ప్రాజెక్టు మీద, సన్నటి సిగ్నల్‌ను పెద్దది చేసే డిస్ట్రిబ్యూటెడ్ యాంప్లిఫయర్ తయారు చేస్తున్నాను. కమిటీ చూసి సరేనంటే ప్రాజెక్టు సాగుతుంది, నా ఉద్యోగం ఉంటుంది. లేకపోతే రెండూ ఉండవు.

ఈ యాంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్లు వరసగా ఉంటాయి. ఒక్కోదానికీ కొంత కెపాసిటెన్స్ ఉండి సిగ్నల్‌ను పీడిస్తుంది. దానికి సరిపడే కాయిల్‌ను మధ్య మధ్య పెడితే లైన్ పొడవునా సిగ్నల్‌కు తగిలే అడ్డు, అంటే ఇంపెడెన్స్, ఒకేలా ఉండి, సిగ్నల్ వెనక్కి తన్నకుండా సాగిపోతుంది. కాయిల్ అంటే నా చేత్తో చుట్టిన సన్నటి రాగి తీగే. చుట్లు దగ్గరైతే ఇండక్టెన్స్ పెరుగుతుంది, ఎడమైతే తగ్గుతుంది. పుల్లతో వాటిని కాస్త కాస్త జరుపుతూ, గ్రాఫ్ తిన్నగా వచ్చేదాకా వానాకాలమంతా కూర్చున్నాను. ఆ పని నేర్పింది మా డిపార్ట్‌మెంట్ హెడ్డే. శ్రీకాకుళం మనిషి. "కాయిల్ మీద ఊపిరి కూడా గట్టిగా వదలకమ్మా" అనేవారు.

పూజరోజు ఆయన పట్టుపంచె కట్టుకుని, గంధం గిన్నె పట్టుకుని వచ్చారు. కంప్యూటర్లకు, మీటర్లకు బొట్లు పెట్టుకుంటూ నా బోర్డు దగ్గరకొచ్చేసరికి అడ్డం వెళ్లాను.

"దీనికొద్దు సార్. డబ్బా మూత మీద పెట్టండి."

"అదేటమ్మా! అన్నిటికీ ఎట్టి దీనికెట్టకపోతే ఎలగ? మన ల్యాబుకి ఇదే కదా పెద్ద దిక్కు."

బొటనవేలితో ఒక్కో కాయిల్ మీదా గంధం అద్ది, కుంకుమ నొక్కారు. ఎంత భక్తో! నాకు ఒళ్లు మండిపోయింది. నోరు మాత్రం లేవలేదు. దేవుడి పేరు చెప్పాక ఎవరి నోరు లేస్తుంది?

సెలవులయ్యి వచ్చేసరికి గంధం చుట్ల మధ్య ఎండిపోయి ఉంది. బ్రష్షుతో తుడిస్తే కాయిళ్లు ఇంకా కదిలాయి. గ్రాఫ్ ఎగుడుదిగుడు. కొత్తవి చుట్టడానికి కమిటీని గడువు అడగమని సార్‌తో అన్నాను. "కమిటీ తేదీ మారదమ్మా" అన్నారు.

కమిటీలో ఒకాయన గ్రాఫ్ చూసి, "ఇదెందుకిలా వచ్చింది?" అని మెల్లగానే అడిగాడు. ఇంకో అవకాశం ఇచ్చేలాగే ఉన్నాడు. నేను మా సార్ వైపు చూశాను.

"కాయిల్ సైజు దగ్గర మా అమ్మాయి లెక్క తప్పిందండీ" అన్నారు సార్.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. నేను నోరు తెరిచేలోగా తర్వాతి ప్రాజెక్టును పిలిచేశారు.

నా ప్రాజెక్టు ఆగిపోయింది. పంతం కొద్దీ, వెళ్లిపోయేలోగా కాయిళ్లన్నీ మళ్లీ చుట్టాను. గ్రాఫ్ తిన్నగా వచ్చింది. తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపారు.

"నీ లెక్క ముందునుంచీ కరెక్టేనమ్మా."

"మరి కమిటీ ముందు అలా అన్నారేం సార్?"

"బొట్టెట్టి పాడు సేసేనని నలుగురి ముందు ఎలగ సెప్పుకుంటానమ్మా? నవ్వరేటి?"

ఇప్పుడు ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ఆ ప్రాజెక్టు ఎందుకు ఆగిందని అడుగుతారు. లెక్క తప్పానని చెబుతాను. అసలు సంగతి చెబితే నన్ను చూసి నవ్వుతారు.