తోలేవాని మొగం చూసి సంతకం

ఈ ఉదయం చింతామణిలో మా పక్కింటివాళ్ళు బోరు మోటారు విప్పి కిరసనాయిలుతో కడుగుతున్నారు. ఆ వాసన తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. విమానాల షెడ్డులోనూ అచ్చం ఇదే వాసన. తొమ్మిదేళ్ళు ఆ వాసనలోనే పనిచేశాను. అక్కడ నాకు పని నేర్పిన నారాయణప్ప గారు పోయి నెల దాటింది. ఆయన పేరు మీద పడిన మచ్చ మాత్రం పోలేదు.

ఆయనది బాగేపల్లి దగ్గర గూళూరు. విమానాల ఇంజనీరు కాకముందు ఊరూరా తిరిగి బోరు మోటార్లు దించేవారు. నీళ్ళు పడి రైతు మొహం చూసేదాకా అక్కణ్ణించి కదిలేవారు కాదట. ఆ అలవాటునే షెడ్డుకూ తెచ్చారు. విమానం బాగుందని సంతకం పెట్టేముందు మాలో ఎవరైనా సరే పైలట్ దగ్గరికి వెళ్ళి రావాలి. "ఎవురమ్మా ఈ పొద్దు తోల్తాండేది? మొగం చూసొచ్చినావా? పో, చూసొచ్చి పెట్టు సంతకం," అనేవారు. ముసలాయన చాదస్తమని నవ్వుకునేవాళ్ళం. నవ్వుకుంటూనే వెళ్ళొచ్చేవాళ్ళం.

ఒక వానాకాలం మధ్యాహ్నం సరుకుల విమానం బయలుదేరాలి. లోపలంతా చిక్కబళ్ళాపురం గులాబీలు. ఎడమ ఇంజను అదురుతోందని, విప్పి చూడందే ఎగరకూడదని నారాయణప్ప గారు విమానం రిపేర్లు రాసే పుస్తకంలో నా కళ్ళ ముందే రాశారు. మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "ఆయనకు అన్నీ అనుమానాలే. పూలు వాడిపోతాయి. నీకూ లైసెన్సు ఉండాది కదా, పెట్టమ్మా," అన్నాడు. పెట్టాను. వానలో అంత దూరం ఎవరు నడుస్తారులే అని పైలట్ దగ్గరికి కూడా పోలేదు.

ఎగిరిన కాసేపటికే ఆ ఇంజను ఆగిపోయింది. వెనక్కి తిప్పి, హోరువానలో ఒక్క ఇంజనుతో దించబోతే విమానం రన్‌వే దాటి బురదలోకి దూసుకుపోయింది. పైలట్ కుడికాలు పోయింది. ఆయన మొహం నేను మొదటిసారి చూసింది స్ట్రెచర్ మీద.

విచారణ నాటికి పుస్తకంలో ఆ పేజీ లేదు. ఇంజను సంగతి నారాయణప్ప ఎవరికీ చెప్పలేదని మేనేజరు సిగ్గు లేకుండా చెప్పాడు. తర్వాత నన్నడిగారు. ఉద్యోగం పోతుందన్న భయంతో "నాకూ చెప్పలేదు" అన్నాను. ఛీ! ఇప్పుడు తలచుకున్నా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బయట వరండాలో నారాయణప్ప గారు నా మీద అరవలేదు. "సంతకం పెట్టినావు, భయపడినావులే అనుకుంటినమ్మా. ఇప్పుడు అబద్ధం కూడా చెప్తివి. రేపు ఇంకో విమానం పని ఎట్ల చేస్తావు నువ్వు? నా ఉద్యోగం మాట ఇడిసిపెట్టు. అది చెప్పు నాకు," అన్నారు.

 వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. రాసుకున్నారు. ఏం లాభం? పేజీ ఏదమ్మా, సాక్ష్యం ఏదమ్మా అన్నారు. చివరికి రిపోర్టులో తప్పు మా ఇద్దరిదేనట! నా లైసెన్సు పోయింది, పోవలసిందే. ఏ తప్పూ చేయని మనిషిని కూడా ఇంటికి పంపారు. మేనేజరు ఇప్పటికీ అదే కుర్చీలో కూర్చుని పూలు ఎక్కిస్తున్నాడు.

నేను అర్జీ మీద అర్జీ రాస్తుంటే "ఇంక చాల్లేమ్మా" అనేవారు ఆయన. చాలదు. ఆ పేజీలో ఆయన రాసిన ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు. అడిగిన ప్రతివాడికీ చెబుతాను. అడగనివాడికీ చెబుతాను.