మూడా, ఎనిమిదా?

తుపాకుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో నా పక్క సీటాయనకి మేం పెట్టుకున్న పేరు భూతద్దం. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కరినీ నమ్మిన పాపాన పోలేదు మహానుభావుడు. నేను టీ తెచ్చిచ్చినా కప్పులోకి ఓసారి తొంగిచూసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ రోజు ఓ తోట యజమాని భార్య వచ్చింది. భర్త పోయి రెండు నెలలైందట. ఇంట్లో మిగిలిన తుపాకీని తన పేరుకి మార్చుకోవాలి, లేదా అప్పగించాలి. చట్టం అంతే. "నాకెందుకండీ ఇది, మీరే తీసేసుకోండి," అంటూ గుడ్డలో చుట్టి తెచ్చిన తుపాకీని బల్లమీద పెట్టింది.

భూతద్దం గొట్టంమీది నంబరు చదివాడు. రిజిస్టరు తిప్పాడు. మళ్లీ గొట్టం చూశాడు.

"అసలు తుపాకీ ఏదమ్మా?"

"ఇదేనండీ."

"దీని నంబరు చివర మూడుంది. మా పుస్తకంలో ఎనిమిది. దాన్ని ఎవరికి అమ్మేశారు? నా చెవిలో పువ్వులు పెట్టకండి."

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. రిజిస్టరులో లేని తుపాకీ దగ్గరుంటే జైలే. "మా అత్తగారు మంచంలో ఉన్నారండీ. నన్ను లోపలేస్తే ఆవిడకి గుక్కెడు నీళ్లిచ్చే దిక్కులేదు," అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే. ఇంత అమాయకంగా మాట్లాడేవాళ్లని ఎంతమందిని చూడలేదు!

భూతద్దం అప్పటికే పోలీసులకి ఉత్తరం మొదలుపెట్టాడు.

"రిజిస్టరు చేసిన రోజు నంబరుమీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దారటగా? మా ఆయన చెప్పేవారు. అది చూడండి బాబూ!"

"అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు?" అని నేనే లేచాను. వెనకగదిలో గంటసేపు తుమ్ముకుంటూ వెతికి ఫైలు తెచ్చాను. పెన్సిలు నలుపులో తెల్లగా, స్పష్టంగా మూడు!

ఈసారి ఆయన చేతిలోని భూతద్దం రిజిస్టరుమీదికి వెళ్లింది. దస్తూరీ ఆయనదే. లావుపాటి పాళీ, చిక్కటి సిరా. ఆ పేజీలో ఆయన రాసిన ప్రతి మూడూ నోరు మూసుకుని ఎనిమిదై కూర్చుంది.

"పప్పులో కాలేశారుగా!" అన్నాను, కసిదీరా.

ఆయన ఉత్తరం చింపేశాడు. ఆవిడకి రసీదు రాసిచ్చి, లేచి నిలబడి, "క్షమించండమ్మా," అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

"గోడౌను వాచ్‌మన్ గుర్తున్నాడా?" అన్నాడు ఉన్నట్టుండి.

గుర్తులేకేం! ఆరేళ్ల కిందట అతని తుపాకీ నంబరులోనూ ఇదే తేడా. 'నంబరు మారలేదు బాబూ' అని గుమ్మం పట్టుకుని ఏడ్చాడు. రెండేళ్లు జైల్లో ఉన్నాడు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే.

అతని ఫైలు తెచ్చాను. అందులోని పెన్సిలు కాగితం కూడా మూడే అంది.

భూతద్దం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత, "పోలీసులకి ఉత్తరం. తప్పు చేసినవాడి పేరు దగ్గర నాది టైపు కొట్టండి," అన్నాడు. కొట్టాను. సంతకం చేసేముందు భూతద్దం పెట్టి తన పేరుని మూడుసార్లు చదువుకున్నాడు.