రాయికి పిన్నిగారి పేరు

పొగడ్త విన్నవాళ్లు చెడిపోతారని అందరూ అంటారు. పొగిడినవాడు ఏకంగా ఇల్లు పోగొట్టుకోవడం మాత్రం నా ఒక్కడికే జరిగింది.

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర కార్ఖానాలో ఉద్యోగం దొరికి తెనాలి నుంచి వచ్చాను. సంగారెడ్డిలో పెళ్లికానివాడికి ఇల్లు దొరకడం గగనం. అలాంటిది, బెల్లం దుకాణం నడిపే వీరేశం సేటు మేడమీద గది కిరాయికిచ్చాడు. ఆయన భార్య అనసూయమ్మను పిన్నిగారూ అని పిలిచేవాణ్ని. కన్నతల్లిలా నాకు రోజూ పచ్చిపులుసు పంపేది. ఎంత మంచి రోజులవి!

ఒక సాయంత్రం ఆ పులుసన్నం మత్తులో, గ్రహశకలాల గురించి పత్రికలో చదివిందంతా వాళ్ల ముందు ఒలకబోశాను. కనిపెట్టినవాళ్లే వాటికి పేరు సూచించవచ్చనీ, నేను గనక ఒకటి కనిపెడితే పిన్నిగారి పేరే పెడతాననీ అన్నాను. నా దగ్గర దుర్భిణి కాదు కదా, సరైన కళ్లజోడైనా లేదని వాళ్లకేం తెలుసు?

సేటు ఆగలేదు. ఆకాశంలో చుక్కకు తన భార్య పేరు పెడుతున్నారని బజారంతా చెప్పేశాడు. ఆ శుక్రవారం పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు నన్ను కిందికి పిలిపించారు.

"నా పేరు పెట్టే చుక్క ఎట్లుంటది సారూ, జెర చెప్పు" అంది పిన్నిగారు, పట్టుచీర కొంగు సర్దుకుంటూ.

చక్కగా మెరుస్తుందని చెప్పి లేచి రావలసింది. కానీ నాలోని శాస్త్రజ్ఞుడు నిద్రలేచాడు. అది చుక్క కాదు, రాయి అన్నాను. గుండ్రంగా ఉండదు, ఆలుగడ్డలా వంకర అన్నాను. ఒళ్లంతా గుంటలనీ, రంగు బొగ్గనీ, పల్టీలు కొడుతూ తిరుగుతుందనీ చెప్పాను. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, శ్రద్ధగా వింటున్నారనుకుని, మీద పడితే ఊళ్లకు ఊళ్లే పోతాయని కూడా కలిపాను.

తలుపు దగ్గర సేటు నెత్తి పట్టుకున్నాడు. ఓ ముసలావిడ పిన్నిగారిని ఎగాదిగా చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పిన్నిగారు కోప్పడలేదు. తాంబూలం నా చేతిలో పెట్టి నెమ్మదిగా అంది:

"గా రాయికి నీ పేరే పెట్టుకో సారూ. ఒకటో తారీఖు సంది గాడనే ఉందువు."

ట్రంకుపెట్టె మోసుకుంటూ గడప దాటినప్పుడే ప్రతిజ్ఞ చేశాను. ఆకాశంలో ఎంత గొప్ప వస్తువుకైనా తెలిసిన ఆడవాళ్ల పేరు పెట్టను. ఒకవేళ నోరుజారి పెట్టినా, ప్రాణం పోయినా సరే, దాని ఆకారం చెప్పను.