మడికొండ నూనె బావి దాకా

హన్మకొండ బస్టాండు హోటల్లో చాయ్ కప్పు పెద్దది, సాసరు చిన్నది. చల్లార్చుకుందామని వంచితే సగం చాయ్ ధోవతి మీదికే పోతుంది. ఆ సాసర్లు కొన్నవాడు దొరికితే నాలుగు తిట్టాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. ఆ రోజూ అంతే, మరక పడ్డ ధోవతితోనే పోయాను.

పోయింది షికారుకు కాదు. మడికొండలో నా బిడ్డ మేరమ్మ బావి చెడిపోయింది. కాజీపేట రైలు పట్టాల దగ్గర నుంచి ఒక నూనె డిపో దాకా నిజాం కాలంలో భూమిలో ఇనుప గొట్టం వేశారు. అది మేరమ్మ చేను గట్టు కింది నుంచి పోతుంది. ఎక్కడ తుప్పు పట్టి కారుతోందో ఏమో, రెండు వానాకాలాల నుంచి బావి నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతోంది. అన్నం కిరోసిన్ వాసన. బర్రె మూతి పెట్టి తల తిప్పుకుంటుంది. మనవరాలి నోరంతా పూసింది, తాగిన నీళ్లు కక్కుతోంది. దవాఖానలో బావి మార్చమన్నారు. బావి ఏమన్నా అంగీనా, విప్పి ఇంకోటి తొడుక్కోవడానికి? ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. బావి చెడిందని ఆయన రాస్తే డిపో వాళ్లు గొట్టం తవ్వి తీసి, వేరే చోట కొత్త బావి తవ్వించాలి. రాయకపోతే ఆ నీళ్లే గతి.

మీలో ఎవరైనా మా పరకాల నుంచి పోయేదుంటే తెల్లవారుజాము బస్సు ఎక్కండి, ఎండ ముదరకముందే హన్మకొండలో దిగుతారు. టికెట్టు రూపాయి లోపే, దుమ్ము మాత్రం ఉచితం. అక్కడి నుంచి కాజీపేటకు ఇంకో బస్సు, ఆపైన మడికొండకు టాంగా. ఎక్కగానే టాంగావాలా అడిగాడు.

"ఏం పని మీద పోతానవ్ పెద్దయ్యా?"

"మా బిడ్డ నూనె బావి కొన్నది. జూడ పోతాన."

"అయితె నా గుర్రం కాళ్లకు జర మాలిష్ నూనె తే."

"చెంబు నిండ తెస్త. తాగిపిచ్చెవు, చస్తది."

మడికొండలో దిగి వాకిట్లో అడుగు పెట్టి నిలబడిపోయాను. బావి గట్టుకు తెల్లగా సున్నం, చుట్టూ కడిగిన బండలు. మేరమ్మ కొంగు దోపుకుని ఎదురొచ్చింది.

"నాయినా, నిన్నంత మనుషులను వెట్టి బావి తోడిపిచ్చిన. నూనె పొర బట్టలతోని అద్ది తీసేసినం. లోపట సున్నం గూడ జల్లినం."

"పాదిరి అయ్యగారు ప్రార్థనకొస్తె గూడ ఇట్ల ఊడ్వకపోతివి గదనే!"

"ఆఫీసరు వస్తాండంటె గలీజు బావి సూపెడ్తమా? ఇజ్జత్ వోదా?"

ఇంకా వెక్కిరిద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. చూపించాల్సిన రోగాన్నే కడిగి పారబోసింది. తప్పు ఆమెది కాదు. ఇంటికి మనిషి వస్తున్నాడంటే కడగడం ఒక్కటే మేము మా పిల్లలకు నేర్పింది.

పన్నెండు దాటాక జీపు వచ్చింది. ఇంజనీరు బావిలోకి వంగి చూశాడు, చేద తోడించి వాసన చూశాడు.

"నీళ్లు బాగానే ఉన్నాయి కదండీ పెద్దాయనా. ఇంత శుభ్రమైన బావి మా ఇంట్లో కూడా లేదు."

మేరమ్మ ముఖం ముందు వెలిగింది. మాట అర్థమయ్యాక ఆరిపోయింది.

"నిన్న తోడినం సారూ! నాలుగొద్దులు ఆగితె మల్ల తేల్తది."

"నాలుగు రోజులు ఇక్కడే కూర్చోమంటావా అమ్మా?"

"కూసోండ్రి సారు," అన్నాను నేను. "మంచమేస్త. నీళ్లు మాత్రం మీయే తెచ్చుకోవాలె."

ఆయన నవ్వలేదు. గడ్డపార పట్టుకుని చేను గట్టు మీద, గొట్టం పక్కన తవ్వాను. మోకాటి లోతుకే నల్లటి, జిడ్డు మట్టి. ముక్కు మండింది.

"ఇది జూడుండ్రి సారు."

"బావి చూసి రమ్మని నాకు ఆర్డరు. మట్టి నా పరిధిలోది కాదు."

"నీళ్లు ఊరేది మట్టిలకెల్లే గద?"

ఇంజనీరు బావిలో లోపమేమీ లేదని రాసుకుని, అరుగు మీద కూర్చుని క్యారియర్ విప్పాడు. మేరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. బాగున్నాయన్న ఆ నీళ్లు ముట్టకుండా ఆయన తన ఫ్లాస్కు తీసుకుని తాగాడు.

వారం తిరక్కముందే పొర మళ్లీ తేలింది. ఇప్పుడు మేరమ్మ అవతలి వాడ బావి నుంచి బిందెలు మోస్తోంది. అక్కడ వాళ్ల వంతు అయ్యాకే ఈమె వంతు. మనవరాలు నీళ్లడిగే ముందు తల్లి ముఖం చూస్తోంది. ఇది చూసి వచ్చినప్పటి నుంచి నాకు ఎవరిని ఆటపట్టించబోయినా నోరు చేదవుతోంది. మీ బావి చూడటానికి ఎవరైనా వస్తున్నారంటే నా మాట వినండి: ఊడవకండి, తోడకండి, సున్నం వేయకండి. ఇజ్జత్ పోతే పోనీయండి, ఉన్నది ఉన్నట్టు చూపించండి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆయన అన్నం తింటుంటే, ఆ నల్ల మట్టి పెడ్డ ఒకటి మోదుగాకులో చుట్టి, జీపులో ఆయన సీటు కిందికి దూర్చాను. డ్రైవరు చూశాడు, చూడనట్టు అద్దం తుడుచుకున్నాడు. మంచి ఎండ. తన పరిధిలో లేని మట్టిని హైదరాబాదు దాకా పీల్చుకుంటూ పోయి ఉంటాడు.