సముద్రానికి కాపరి

మడకశిరలో సముద్రం ఉండేది, దానికి కాపరి ఈరప్ప. నమ్మకపోతే మీ ఖర్మ. కాలేజీ ల్యాబులో అటెండరైన ఈరప్ప సముద్రపు నీళ్ల సీసాను రోజూ తువ్వాలతో తుడిచి, వెలుతురుకెత్తి పిల్లలకు చూపేవాడు. "చెంచాడు నీళ్లల్లో కోట్ల వైరస్సులుండాయప్పా. అవి క్రిముల్ని పగలగొడితే, ఆ రసం తాగి ఇంకో క్రిమి బతుకుతాది. సముద్రంలో ఏ సావూ వృథా పోదు," అని లెక్చరరు చెప్పిన ముక్కను గొప్పగా అప్పజెప్పేవాడు. రెండువేల మూడు వానాకాలంలో మూతివాపు వైరస్ సోకి, అతను ఇంటి దగ్గర సాకుతున్న గొర్రెలు ఇరవై రెండూ నాలుకలు నీలమెక్కి చచ్చాయి. గుంత తవ్వి, వాటిని పూడ్చి సున్నం చల్లుతుంటే పక్కింటి ఓబులేసు గట్టుమీంచి ఎగతాళి చేశాడు: "ఏమప్పా సముద్రాల కాపరీ, ఈ సావులు ఎవురికి మేత?" ఈరప్ప పారకు అంటిన సున్నం గీకుతూ అన్నాడు: "ఎవురికీ కాదన్నా. తోలు ఒలవద్దు, కుక్కలకేయొద్దు అని పశువుల డాక్టరు చెప్పినాడు. ఇప్పుడు నేను దేనికీ కాపరిని కాదు, ఉత్త అటెండర్ని."