పసుపు సంచిలో పెద్ద లెన్సు

మా వీరరాఘవులు మామ లెక్కలో చెన్నపట్నం జనమంతా ఆయన కెమెరా కొట్టెయ్యడానికే పుట్టారు.

సౌకార్‌పేట పెళ్ళిళ్ళకు మామ ఫొటోలు తీస్తాడు, మేనకోడల్ని కాబట్టి వీడియో నాది. కెమెరా సంచికి రెండు తాళాలు, ఒక గొలుసు. ఒక కొస సంచికి, ఇంకో కొస మామ నడుముకు. ఒకసారి సంచిని మండపం స్తంభానికి కట్టేసి, నడుముకు గొలుసుందన్న సంగతి మరిచి, పెళ్ళికొడుకు వైపు ఉరికాడు. ఉరికినంత వేగంగానూ వెనక్కి వచ్చాడు.

భోజనాల దగ్గర సంచికి పక్క కుర్చీ, దాని ముందొక ఆకు. ఎవరైనా పప్పు వడ్డించబోతే "దానికొద్దు, ముందే తినేసింది" అంటాడు. ఫొటో తీసేటప్పుడు "నవ్వండి" అనడు, "నా సంచి కాడ ఎవురది?" అని కేకేస్తాడు. అందుకే ఆయన తీసిన గ్రూపు ఫొటోల్లో చుట్టాలంతా ఒకే పక్కకు చూస్తుంటారు.

ఆయనకున్న ఒకే ఒక ఆస్తి పెద్ద లెన్సు. స్కూటరు అమ్మి మరీ కొన్నాడు. అది పోతే మళ్ళీ కొనే తాహతు లేదు, అది లేకపోతే పెద్ద పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళూ లేరు.

మొన్న పాత్రల వ్యాపారి యతిరాజులు గారి కూతురి పెళ్ళి. ఆ రోజు మామకు కొత్త తెలివి పుట్టింది.

"దొంగోడు కెమెరా సంచినే కదా చూస్తాడు? టెంకాయ సంచినెవురు చూస్తారు పాపా?"

పెళ్ళికొచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు టెంకాయ, తమలపాకులు వేసి చేతికిస్తారే, ఆ పసుపు గుడ్డ సంచి ఒకటి తెచ్చాడు. లెన్సు అందులో వేసి, వేదిక పక్క కుర్చీకి తగిలించాడు. తాళి కట్టడమయింది. తలంబ్రాలకు చుట్టూ జనం మూగారు. దూరం నుంచి తీయాలంటే పెద్ద లెన్సు కావాలి. మామ వెనక్కి తిరిగాడు. కుర్చీ ఉంది, సంచి లేదు.

"పోయింది పాపా," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అరవడానికి కూడా ఓపిక లేని గొంతు.

సంగతి క్షణంలో పాకిపోయింది. మేళం ఆగింది.

"గేటు మూయండ్రా! పనోళ్ళ సంచులన్నీ ఈడికి తెండి!" అని యతిరాజులు గారు గర్జించారు.

"ఆ వాసంతి కుర్చీ పక్కనే ఊడస్తా ఉన్నింది, నేను చూసినా," అన్నారెవరో.

వాసంతి ఆ మండపంలో ఊడ్చే మనిషి. తన వైరు బుట్టను గుండెకు హత్తుకుంది. మూత కింద నుంచి లడ్డు పొట్లం కొస కనిపిస్తోంది.

"విప్పు," అన్నారు యతిరాజులు గారు. పెళ్ళంతా ఆమెనే చూస్తోంది. జన్మంతా దొంగ కోసం ఎదురుచూసిన మనిషికి తీరా ఒక దొంగను తెచ్చి నిలబెట్టారు. మామ బుట్టను చూశాడు, ఆమె మొహం చూశాడు.

"ఆగండన్నా! దొరికింది."

"ఏదీ?"

తాళాలేసిన కెమెరా సంచిని తట్టాడు. "దీంట్లోనే ఉండాది. నేనే మరిచిపోయినా."

"చూపించు."

"ఈ తాళాలు తీసి మళ్ళీ వేసేలోపల తలంబ్రాల వేళ దాటిపోతాది. మీ ఇష్టం!"

మామ తాళాల సంగతి తెలియనివాళ్ళు అక్కడెవరూ లేరు. "పిచ్చోడివయ్యా నువ్వు!" అని యతిరాజులు గారు నాలుగు తిట్లు తిట్టి వెళ్ళిపోయారు. మేళం మళ్ళీ మొదలైంది. మామ చిన్న లెన్సుతోనే జనంలోకి దూరి, వధూవరుల మధ్య తలపెట్టి ఫొటోలు తీశాడు. సగం తలంబ్రాలు ఆయన నెత్తినే పడ్డాయి.

"అబద్ధమెందుకు చెప్పినావు మామా?" అన్నాను తర్వాత, కోపం ఆపుకోలేక.

"వస్తువు పోతే ముందు ఎవురి బుట్ట విప్పుతారో నాకు తెలీదా? ఆ బుట్ట విప్పే పని రాకూడదనే కదే, ఇన్ని తాళాలు మోసేది నేను!"

ఇన్నేళ్ళూ ఆయన గొలుసును చూసి నవ్విన అందరి మీదా, నా మీద కూడా, నాకు ఒళ్ళు మండింది.

అంతలో మామ ఫోను మోగింది. అటునుంచి ఒక పెద్దావిడ విరుచుకుపడింది.

"ఏం నాయినా, కల్యాణానికి పిలిచి, తాంబూలంలో 'ఓరి దొంగా, ఈ నంబరుకు ఫోను చెయ్' అని చీటీ అంటించి ఇస్తారా? ఈ సీతాలక్ష్మి దొంగదా?"

సంచులు పంచేవాళ్ళెవరో కుర్చీకున్నదాన్నీ తీసి ఆవిడ చేతిలో పెట్టేశారు. లెన్సు మూతకు చీటీ అంటించింది మామే.

"తప్పయిపోయింది పెద్దమ్మా! ఏడుండావు?"

"సెంట్రల్లో. నెల్లూరు రైలు కదలబోతా ఉండాది, బిన్నా రా!"

నా స్కూటరు మీద స్టాండూ వీడియో సామానూ పోగా మామ ఒక్కడికే చోటుంది. మామ చేతిలోని కెమెరాను సంచిలో పెట్టి తాళాలేశాడు. తర్వాత నడుము గొలుసు విప్పి, కెమెరా సంచిని తాళంచేతులతో సహా వాసంతి చేతిలో పెట్టాడు.

"కొంచెం చూస్తా ఉండమ్మా. వచ్చేస్తాను."

స్కూటరు సందు దాటింది. అద్దంలో చూస్తే, మామ మెడ తిప్పి ఇంకా మండపం వైపే చూస్తున్నాడు.

"భయంగా ఉందా మామా?"

"చచ్చేంత. మాట్లాడకుండా తోలు."