పేరు రాయని కాగితం

డ్యూటీ దిగి శంషాబాద్‌ల బస్సెక్కిన. పక్క సీట్ల ఒక పెద్దమనిషి, ఎయిర్‌పోర్టుల సామాన్ల బండి నడుపుతడట. "తమ్మీ, పెన్నున్నదా?" అన్నడు. ఇచ్చిన.

జేబుల నుంచి మడత కాగితం తీసిండు. నిద్రకు ఇబ్బంది అవుతుందా, బతుకు మీద విసుగు పుడుతుందా, తాగుడు ఆపలేకపోతున్నారా అని ప్రశ్నలున్నయి.

"పొద్దుగాల కంపెనీల అందరికీ ఇచ్చిండ్రు. పైన పేరు రాసి సూపర్‌వైజర్‌కియ్యాలె. ఒకడు అన్నిటికీ 'లేదు' అని టిక్కు కొట్టిండు. ఆనిది జూసి మేమందరం గట్లనే కొట్టినం. ఇది మిగిలిన కాగితం."

"రోజూ మిషన్ల ఊదిపిస్తరు గద, తాగినోళ్లు దొరకరా?" అన్న.

"డ్యూటీ దిగినంకనే తాగుత. మళ్ల ఎక్కేటాల్లకు మిషన్ల సున్ననే వస్తది."

బస్సు ఎగురుతుంటే ఒక్కో ప్రశ్న సదివి, నిదానంగ టిక్కు పెట్టిండు. అన్నీ 'అవును' మీదనే.

"జర సదువు తమ్మీ. నువ్వు నన్ను ఎరగవు గద" అన్నడు.

సదివిన. "దవాఖానల సూపెట్టుకో అన్నా" అన్న.

"సూద్దాం తియ్యి" అనుకుంట అత్తాపూర్‌ల దిగిపోయిండు. పెన్ను ఇచ్చిండు గని కాగితం నా చేతిలనే మిగిలింది. పేరు రాసే జాగ ఖాళీ.

గది అయిన నెలకు, మొన్న నేను పనిజేసే గోదాంల గూడ గసొంటి కాగితమే ఇచ్చిండ్రు. అన్నిటికీ 'లేదు' అని కొట్టి, పేరు రాసి సూపర్‌వైజర్‌కిచ్చిన. మిగిలిన దాంట్ల ఒకటి జేబుల పెట్టుకొచ్చి, ఇంట్ల కూసొని, పేరు రాయకుంట ఉన్నదున్నట్టు నింపిన. ఇగ బస్సుల పక్కన ఎవరు కూసున్నా మొఖం జూస్తున్న. ఇంకా ఎవరికీ ఇయ్యలే.